బ్యాంకాక్: ఫుట్‌పాత్ ఎవరిది?

నీళ్ల మీద పుట్టి, నేల మీదికొచ్చి, ఇప్పుడు గాలిలోకి లేస్తున్న నగరంలో కాలినడకన ఒక రోజు

తెల్లవారడానికి ఇంకా గంట సమయముంది. చావో ఫ్రయా నది ఒడ్డున పాక్ ఖ్లోంగ్ తలాత్ పూల మార్కెట్‌లో మాత్రం అప్పటికే పట్టపగటి సందడి. బంతిపూలు బస్తాల్లో దిగుతున్నాయి. ఐసు ముక్కల మధ్య ఆర్కిడ్లు కట్టలు కట్టలుగా ఉన్నాయి. ఒక మూల నలుగురైదుగురు ఆడవాళ్లు చిన్న పీటల మీద కూర్చుని తామర మొగ్గల రేకులను ఒక్కొక్కటిగా లోపలికి మడుస్తున్నారు. పక్కనే పొడవాటి సూదులకు మల్లెమొగ్గలు, జిల్లేడు పూలు గుచ్చి ‘ఫువాంగ్ మాలై’ దండలు కడుతున్నారు. మన దగ్గర ఆంజనేయుడికో, వినాయకుడికో తప్ప పెద్దగా ఎవరికీ పట్టని జిల్లేడు ఇక్కడ పెళ్లి దండల్లోకీ ఎక్కుతుంది. థాయ్ భాషలో దాని పేరు ప్రేమ పువ్వు మరి.

ఈ దండలు కొన్ని గంటల్లోనే నగరమంతా పరుచుకుంటాయి. టాక్సీల అద్దాలకు, పడవల కొమ్ములకు, బుద్ధ విగ్రహాలకు, ప్రతి భవనం ముందూ కనిపించే భూమిదేవర గూళ్లకు వేలాడతాయి. పూలు ఎప్పటిలాగే ఉన్నాయి. మారింది వాటిని అమ్మే చోటు. ఒకప్పుడు ఈ మార్కెట్ దుకాణాల్లోంచి పొర్లి ఫుట్‌పాత్ మీదికి, అక్కడి నుంచి రోడ్డు అంచుకు పాకేది. 2016లో నగరపాలక సంస్థ ఫుట్‌పాత్ వ్యాపారులను ఖాళీ చేయించింది. కొందరు చుట్టుపక్కల భవనాల్లోకి మారారు. అద్దె కట్టలేనివాళ్లు వేరే దారి చూసుకున్నారు.

‘ఫుట్‌పాత్‌ను పాదచారులకు తిరిగి ఇవ్వాలి’ అన్నది అప్పటి నినాదం. వినడానికి అందులో తప్పేమీ లేదు. ముంబై, హైదరాబాద్, ఢాకా వంటి నగరాల్లో నడిచి చూసిన ఎవరైనా చప్పట్లు కొట్టే మాటే అది. కానీ బ్యాంకాక్‌లో పొద్దున్నుంచి రాత్రి దాకా కాళ్లకు పనిచెబితే ఆ నినాదం అంత తేలిగ్గా మింగుడుపడదు.

నీటి మీది నుంచి నేల మీదికి

థాయ్‌లకు ఈ నగరం బ్యాంకాక్ కాదు, క్రుంగ్ థేప్. అంటే దేవతల నగరం. ప్రపంచంలోకెల్లా పొడవైన ఊరిపేరుగా గిన్నిస్ రికార్డుకెక్కిన దాని పూర్తి పేరులో మహానగర, అమర, అయోధ్య, నవరత్న, రాజధాని లాంటి మాటలు భారతీయుల చెవికి కొత్తవి కావు. ఇంద్రుడు ప్రసాదించగా విశ్వకర్మ కట్టిన నగరమంటూ ఆ పేరు ముగుస్తుంది. చరిత్ర చెప్పే కథ కాస్త వేరు. 1782లో మొదటి రామా రాజు రాజధానిని నదికి పశ్చిమాన ఉన్న థోన్‌బురి నుంచి తూర్పు ఒడ్డుకు మార్చినప్పుడు ఆ స్థలంలో చైనా వ్యాపారులు కాపురముండేవారు. రాజప్రాసాదం కోసం వాళ్లను అక్కడి నుంచి లేపి సాంపెంగ్‌కు పంపారు. ఈ రాజధాని చరిత్రలో మొదటి అధ్యాయమే వ్యాపారులను ఖాళీ చేయించడంతో మొదలైందన్నమాట.

అప్పట్లో వీధులంటే కాలువలే. చాలామందికి ఇల్లు నీటి మీది తెప్ప, అంగడి పడవ. 1855లో బ్రిటన్‌తో బౌరింగ్ ఒప్పందం కుదిరాక విదేశీ కాన్సుల్‌లు, వర్తకులు వచ్చి చేరారు. గుర్రపు స్వారీకి దారి లేక ఆరోగ్యం చెడిపోతోందని వాళ్లు 1861లో మోంగ్‌కుట్ రాజుకు మొరపెట్టుకున్నారు. అలా పుట్టిందే నగరంలోని తొలి ఆధునిక రహదారి చరోన్ క్రుంగ్. ఆ తర్వాత కాలువలు ఒక్కొక్కటిగా పూడిపోయి రోడ్లయ్యాయి. నీళ్ల మీద సాగిన వ్యాపారం గట్టెక్కింది. తెడ్డు వదిలిన చేతులు కావడి పట్టుకున్నాయి, తర్వాత తోపుడు బండి పట్టుకున్నాయి. ‘పడవ నూడుల్స్’ అన్న వంటకం పేరులో మాత్రం ఆ పాత జ్ఞాపకం మిగిలింది. వ్యాపారులు ఫుట్‌పాత్‌ను ఆక్రమించారన్న ఆరోపణకు ఇక్కడ రెండో వైపు ఉంది. ఫుట్‌పాత్ కన్నా వ్యాపారులే పాతవాళ్లు.

అతిథుల వీధి

పూల మార్కెట్ నుంచి పది నిమిషాలు నడిస్తే ఫాహురత్. గాలిలో వాసన మారుతుంది. నిమ్మగడ్డి, చేపల సాస్ వెనకబడి అగరొత్తులు, సమోసాలు ముందుకొస్తాయి. బట్టల తాన్లు నిలువెత్తున పేర్చిన దుకాణాల వెనక గురుద్వారా బంగారు గుమ్మటం మెరుస్తుంది. పంజాబ్ నుంచి బట్టల మూటలతో వచ్చిన సిక్కుల వారసులవే ఇక్కడి దుకాణాల్లో చాలా భాగం. వీధి పేరు మాత్రం రాచకుటుంబానిది. చిన్నతనంలోనే చనిపోయిన చులాలోంగ్‌కోర్న్ రాజు కుమార్తె బాహురద పేరే థాయ్‌ల నోట ఫాహురత్ అయింది.

భారతీయులను, మలయ్‌లను, ముస్లింలను కలిపి థాయ్‌లు వాడే మాట ‘ఖేక్’. దాని అసలు అర్థం అతిథి. అందులో ఆదరణా ఉంది, దూరమూ ఉంది. తరాలుగా ఇక్కడే పుట్టి, థాయ్‌లో బేరాలాడి, థాయ్ పాస్‌పోర్టుతో అమృత్‌సర్ యాత్రకు వెళ్లి వచ్చే దుకాణదారు కూడా వాడుకలో ఇంకా అతిథే.

ఫాహురత్ దాటగానే ఓంగ్ ఆంగ్ కాలువ వస్తుంది. దీని మీద సఫాన్ లెక్ అనే ఇరుకు బజారు ఉండేది. బొమ్మలు, వీడియో గేములు దొరికే ఆ బజారు కింద కాలువ ఉందన్న సంగతే జనం మరిచిపోయారు. 2015లో దుకాణాలను కూల్చేశారు. 2020లో కాలువ పక్కన శుభ్రమైన నడకదారి, గోడల మీద రంగుల బొమ్మలు ప్రత్యక్షమయ్యాయి. ఇప్పుడు అక్కడ నిలబడితే నీళ్లు కనిపిస్తాయి, గాలి తగులుతుంది. తొలగింపులన్నీ నష్టమేనని కొట్టిపారేయడానికి లేదని ఒప్పించే చోటు ఇది.

కాలువకు అవతల సాంపెంగ్. 1782లో వచ్చి చేరినవాళ్ల వీధి. రెండు చేతులు చాస్తే రెండు వైపులా దుకాణాలు తగిలేంత ఇరుకు సందులో గుండీలు, రిబ్బన్లు, చెప్పులు, ప్లాస్టిక్ పూలు టోకున అమ్ముతారు. ఆ సందులోనే సరుకుల బండ్లు, మోటార్‌సైకిళ్లు, ట్రేలో టీ గ్లాసులు మోసుకెళ్లే కుర్రాళ్లు. కసురుకునేవాళ్లు తక్కువ. వెనక నుంచి వచ్చే బండికి భుజం పక్కకు తిప్పి దారివ్వడం ఇక్కడ అందరికీ చేతనైన విద్య. ప్రణాళిక వేసిన నగరంలో ఇలాంటి వీధిని ఎవరూ గీయరు. గీసినా ఇన్నాళ్లు బతకదు.

ఉయ్యాల, కోట, పడవ

సాంపెంగ్ నుంచి ఉత్తరంగా టుక్‌టుక్‌లో కాసేపు వెళ్తే ఎర్రటి టేకు స్తంభాల బ్రహ్మాండమైన ఉయ్యాల చట్రం కనిపిస్తుంది. ఎదురుగా రాజాస్థాన బ్రాహ్మణుల దేవాలయం. వందల ఏళ్ల కిందట దక్షిణ భారతం నుంచి వచ్చిన పూర్వీకుల సంప్రదాయాన్ని ఈ పురోహితులు కొనసాగిస్తున్నారు. వారి ముఖ్యమైన పండుగ పేరు త్రియంపవాయ్-త్రిపవాయ్. ధనుర్మాసంలో తిరుప్పావై వినే తెలుగువారు ఆ రెండో మాట దగ్గర ఠక్కున ఆగిపోతారు. నిజమే, తమిళ తిరువెంబావై, తిరుప్పావైలే సముద్రం దాటి వచ్చి ఇలా మారాయి. ఎత్తయిన ఉయ్యాల మీద ఊగే వేడుక 1935తో ఆగిపోయింది. చట్రం మాత్రం ట్రాఫిక్ మధ్యలో నిలిచి ఉంది.

అక్కడి నుంచి నడక దూరంలోనే మహాకాన్ కోట. తెల్లటి బురుజు, దాని వెనక పచ్చిక, బెంచీలు. చక్కటి పార్కు. కొత్తగా వచ్చినవారికి ఇక్కడ ఏ లోటూ కనిపించదు. కానీ ఈ గోడ వెనక చెక్క ఇళ్లతో ఒక పేట ఉండేది. పార్కు కోసం ఖాళీ చేయాలని 1990లలో మొదలైన ఒత్తిడిని ఆ పేటవాసులు దాదాపు పాతికేళ్లు ఎదిరించారు. వాస్తుశిల్పులు, విద్యావేత్తలు వాళ్ల పక్షాన నిలిచారు. ఇళ్లను, మనుషులను ఉంచే పార్కు కట్టవచ్చని ప్రత్యామ్నాయ ప్రణాళికలూ ఇచ్చారు. చివరి కుటుంబాలు 2018 ఏప్రిల్‌లో వెళ్లిపోయాయి. ఎండ వేళ ఆ పార్కు బెంచీల మీద మనుషులను లెక్కపెట్టడానికి ఒక చెయ్యి చాలు.

కోట పక్కనే ఫాన్ ఫా పడవల రేవు. 1837లో మూడో రామా రాజు కాలంలో సైన్యాన్ని తూర్పుకు తరలించడానికి తవ్వడం మొదలుపెట్టిన సేన్ సేప్ కాలువలో ఇప్పుడు గుమస్తాలు, విద్యార్థులు, పనిమనుషులు ప్రయాణిస్తున్నారు. పడవ ఆగీ ఆగకముందే ఎక్కాలి, ఆగీ ఆగకముందే దిగాలి. హెల్మెట్ పెట్టుకున్న కండక్టర్ పడవ అంచు మీద తాడు పట్టుకుని నడుస్తూ టికెట్లు ఇస్తాడు. ఎదురు పడవ వస్తే అంచున కూర్చున్నవాళ్లు తాడు లాగి ప్లాస్టిక్ తెర పైకెత్తుతారు. నల్లటి నీళ్లు మీద పడకుండా ఒకరినొకరు కాపాడుకోవడం అక్కడ మాటలు అక్కర్లేని ఒప్పందం.

దారిలో బాన్ క్రువా పేట వస్తుంది. మొదటి రామా రాజు కాలంలో స్థిరపడిన చామ్ ముస్లిం నేతగాళ్ల పేట ఇది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత వీళ్లు నేసిన పట్టునే అమెరికన్ వ్యాపారి జిమ్ థాంప్సన్ ప్రపంచానికి అమ్మాడు. 1967లో మలేసియా కొండల్లో అదృశ్యమైన ఆయన ఇల్లు కాలువకు అవతలి ఒడ్డున మ్యూజియమైంది. నేతగాళ్ల ఇళ్ల మీదుగా ఎక్స్‌ప్రెస్‌వే దారి వేయాలన్న ప్రతిపాదనను పేట ఏళ్ల తరబడి పోరాడి ఆపగలిగింది. మహాకాన్ ఓడింది, బాన్ క్రువా నిలిచింది. ఒకే కాలువ మీద ఒకే పడవలో, ఒకే టికెట్టుతో ఈ రెండు కథలనూ దాటేయవచ్చు.

గాలిలో నడక

ప్రతూనామ్ రేవులో దిగి కొద్ది దూరం నడిస్తే నగరం ఒక్కసారి మెట్లెక్కుతుంది. 1999 డిసెంబర్ 5న మొదలైన స్కైట్రైన్ పట్టాల కింద, మాల్ నుంచి మాల్‌కు, స్టేషన్ నుంచి స్టేషన్‌కు స్కైవాక్‌లు సాగుతాయి. పైన నీడ, చదునైన నేల, మాల్ తలుపులు తెరుచుకున్నప్పుడల్లా వీచే చల్లగాలి. కింద ఎండ, పొగ, కరెంటు స్తంభాల మీద చిక్కుపడిన తీగల ఉండలు, ఫుట్‌పాత్ మీదికెక్కే మోటార్‌సైకిళ్లు. వ్యాపారులను తీసేసిన చోట్ల కూడా ఈ తీగలు, స్తంభాలు, మోటార్‌సైకిళ్లు ఎక్కడివక్కడే ఉండటం విశేషం.

స్కైవాక్ రచ్చప్రసోంగ్ కూడలి మీదుగా వెళ్తుంది. కింద ఎరవాన్ మందిరంలో నాలుగు ముఖాల బ్రహ్మ. హోటల్ నిర్మాణంలో వరుసగా అపశకునాలు ఎదురవుతున్నాయని 1956లో ప్రతిష్ఠించారు. బ్రహ్మకు గుళ్లు అరుదైన దేశం నుంచి వచ్చిన భారతీయులకు ఇక్కడి రద్దీ ఒక వింత. మొక్కు తీరినవాళ్లు డబ్బు కట్టి నాట్యం చేయిస్తారు. తెల్లవారుజామున పూల మార్కెట్‌లో కట్టిన దండలు ఇక్కడ కుప్పలు పడతాయి. కొత్తవాటికి చోటివ్వడానికి సిబ్బంది పాతవాటిని ఎప్పటికప్పుడు ఎత్తేస్తుంటారు. 2015 ఆగస్టు 17 సాయంత్రం ఇక్కడ బాంబు పేలి 20 మంది చనిపోయారు. రెండు రోజులకే మందిరం మళ్లీ తెరుచుకుంది.

ఇదే కూడలిని 2010 ఏప్రిల్, మే నెలల్లో ఎర్రచొక్కాల ఉద్యమకారులు వారాల తరబడి ఆక్రమించారు. ఈశాన్య, ఉత్తర ప్రాంతాల పల్లెల నుంచి వచ్చిన రైతులు, నగరంలోని మోటార్‌సైకిల్ టాక్సీవాలాలు దేశంలోని అతి ఖరీదైన మాల్‌ల ముందు చాపలు పరుచుకుని కొత్తగా ఎన్నికలు జరపాలన్నారు. మే 19న సైన్యం వాళ్లను ఖాళీ చేయించింది. ఆ రెండు నెలల్లో మరణించినవారు 90 మందికి పైగానే. రెండు మాల్‌ల మధ్య చెట్ల నీడలో ఉన్న పథుమ్ వనారామ్ బౌద్ధాలయ ఆవరణలో ఆ సాయంత్రం ఆరుగురు తూటాలకు బలయ్యారు. అవి సైనికులు పేల్చినవేనని 2013లో కోర్టు విచారణ తేల్చింది. ఇప్పుడు ఆ ఆవరణలో షాపింగ్ సంచులు పక్కన పెట్టుకుని ఒక్క నిమిషం చేతులు జోడించేవాళ్లు కనిపిస్తారు. స్కైవాక్ మీది నుంచి చూస్తే గుడి కప్పు మాత్రమే కనిపిస్తుంది.

సాయంత్రం ఆరు కాగానే స్టేషన్‌లో జాతీయ గీతం మోగుతుంది. పరుగెత్తుతున్న జనం ఎక్కడివాళ్లక్కడ ఆగిపోతారు. 2020లో విద్యార్థులు మూడు వేళ్లెత్తి వీధుల్లోకి వచ్చిన తర్వాత ఈ దృశ్యంలో చిన్న మార్పు వచ్చింది. అక్కడక్కడ ఒకరిద్దరు ఆగకుండా నడిచిపోతారు. గీతం ఆగగానే అందరూ ఏమీ జరగనట్టే కదులుతారు.

కూర సంచి రాజకీయం

చీకటి పడే వేళకు ఆఫీసుల నుంచి తిరిగొచ్చేవాళ్ల చేతుల్లో రబ్బరు బ్యాండు బిగించిన ప్లాస్టిక్ సంచులుంటాయి. ఒకదాంట్లో కొబ్బరిపాల కూర, ఇంకోదాంట్లో అన్నం, మూడోదాంట్లో రోట్లో దంచిన పచ్చి బొప్పాయి సలాడ్. ఉద్యోగాలకు వెళ్లే ఆడవాళ్లను ‘ప్లాస్టిక్ సంచి గృహిణులు’ అని ఒకప్పుడు వెక్కిరించేవారు. ఆ వెక్కిరింతలో ఒక ఆర్థిక సత్యం దాగుంది. అద్దె గదుల్లో చాలావాటికి వంటిల్లు లేదు. నగరం తక్కువ జీతాలతో నడవాలంటే వీధిలో చవకగా తిండి దొరకాలి. తోపుడు బండి దగ్గర పొదుపయ్యే ప్రతి బాట్ మీదా ఎక్కడో ఒక యజమాని లాభం ఆధారపడి ఉంది.

కష్టకాలంలో ఫుట్‌పాతే బీమా. 1997 జూలై 2న బాట్ విలువ కుప్పకూలినప్పుడు ఉద్యోగాలు పోయినవాళ్లు వీధి వ్యాపారం మీద పడ్డారు. స్టాక్ మార్కెట్లో సంపాదించినదంతా పోగొట్టుకున్న సిరివత్ వోరవెత్‌వుథికున్ మెడలో పెట్టె వేలాడదీసుకుని శాండ్‌విచ్‌లు అమ్మి ఆ సంక్షోభానికి ప్రతీకగా నిలిచారు. ఆ ఏడాదే పని ఆగిపోయిన 49 అంతస్తుల సాథోర్న్ యూనిక్ భవనం అస్థిపంజరంలా మిగిలింది. శాండ్‌విచ్ పెట్టెకు మాత్రం కొనేవాళ్లు దొరికారు.

అయినా 2014 మేలో కుట్రతో అధికారానికి వచ్చిన సైనిక ప్రభుత్వం క్రమశిక్షణలో భాగంగా ఫుట్‌పాత్‌ల ఖాళీని ఉధృతం చేసింది. 2017 ఏప్రిల్‌లో వీధి తిండిని పూర్తిగా తొలగిస్తామన్న ప్రకటన వెలువడింది. ప్రపంచమంతా గగ్గోలు పెట్టాక యావరాత్, ఖావో సాన్ వంటి పర్యాటక వీధులకు మినహాయింపు ఉంటుందని సర్దుకున్నారు. అదే ఏడాది డిసెంబర్‌లో వెలువడిన బ్యాంకాక్ తొలి మిషెలిన్ గైడ్, కళ్లద్దాల కవచం పెట్టుకుని బొగ్గు పొయ్యి మీద పీత ఆమ్లెట్ వేసే జే ఫై అనే పెద్దావిడకు స్టార్ ఇచ్చింది. పర్యాటకుడి నోటికి వీధి తిండి సంస్కృతి. గుమస్తా నోటికి అదే అడ్డంకి. ఈ తేడాలోనే అసలు రాజకీయమంతా ఉంది.

పాదచారి గోడు అబద్ధం కాదు. చక్రాల కుర్చీలో వెళ్లేవారికి, చూపులేనివారికి, పిల్లల బండి తోసుకెళ్లే తల్లికి బ్యాంకాక్ ఫుట్‌పాత్ నేటికీ పరీక్షే. 2022 మేలో భారీ మెజారిటీతో గవర్నర్‌గా ఎన్నికైన చచ్చార్త్ సిత్తిపున్‌కు ఫోన్ యాప్‌లో అందిన ఫిర్యాదుల్లో పగిలిన ఫుట్‌పాత్‌లది పెద్ద వాటా. పాదచారా, వ్యాపారా అన్న బేరం పెట్టినప్పుడు రోడ్డులో సింహభాగం అనుభవిస్తున్న కారు మాత్రం చర్చలోకే రాదు.

ఈ బేరం భారతీయులకు తెలియనిది కాదు. బ్యాంకాక్‌లో ఖాళీల ఉధృతి మొదలైన 2014లోనే భారత పార్లమెంటు వీధి వ్యాపారుల రక్షణ చట్టం చేసింది. సర్వే పూర్తికాకుండా ఎవరినీ తొలగించరాదని, పట్టణ వెండింగ్ కమిటీల్లో 40 శాతానికి తక్కువ కాకుండా వ్యాపారుల ప్రతినిధులే ఉండాలని చెప్పింది. కాగితం మీద అది బ్యాంకాక్ వ్యాపారులు అసూయపడే చట్టం. కానీ లారీలోకి ఎత్తేసిన తోపుడు బండి వెనక పరుగెత్తే మనిషి దృశ్యం మన నగరాల్లోనూ పాతబడలేదు.

రాత్రి పదింటికి సీలోమ్ పక్క సందులో ఒక బండి దగ్గర పొయ్యి ఆరుతోంది. వంద అడుగుల దూరంలో తమిళులు కట్టిన మారియమ్మన్ కోవెల గోపురం. థాయ్‌లు ఆ గుడిని ‘అతిథుల గుడి’ అనే పిలుస్తారు. పొద్దుటి మల్లె దండ ఒకటి బండి గొడుగు కర్రకు వాడి వేలాడుతోంది. బండి యజమానురాలు గిన్నెలు కడిగి, ప్లాస్టిక్ స్టూళ్లు ఒకదానిలో ఒకటి పేర్చి, బకెట్టు నీళ్లతో తన ముందున్న ఫుట్‌పాత్‌ను చీపురేసి కడిగింది. తర్వాత బండిని తోసుకుంటూ సందు చీకట్లోకి వెళ్లిపోయింది. ఫుట్‌పాత్ ఇప్పుడు నినాదంలో కోరినట్టే ఖాళీగా, తడిగా, శుభ్రంగా ఉంది. ఎంత కడిగినా పోని నూనె మరక ఒక్కటి మిగిలింది. రేపు తెల్లవారాక బండి ఆగాల్సిన చోటు అదే.